సెలోపెహాదు కుమార్తెలు: తౌరాతులో స్త్రీల వారసత్వ హక్కు

వారసత్వ చట్టాల చరిత్రలో ఒకదాని పక్కన మరొకటి ఉంచి చదువదగిన సంఘటనలు రెండున్నాయి. మొదటిది ఇస్రాయీలు సంతతివారు ఎడారిలో సంచరించిన కాలానికి చెందినది. తండ్రిని పోగొట్టుకున్న ఐదుగురు ఆడపిల్లలు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) సన్నిధికి వచ్చి, తమ తండ్రి భూమి తమకెందుకు రాదని అడిగారు. రెండవది హిజ్రీ మూడవ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్ యుద్ధం తరువాత మదీనాలో జరిగింది. ఒక అమరవీరుని భార్య తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దకు వచ్చి, పిల్లల ఆస్తిని వారి బాబాయి తీసుకున్నాడని విన్నవించుకున్నది. రెండుచోట్లా అడిగింది స్త్రీలే. ఇద్దరు ప్రవక్తలూ సొంత నిర్ణయం చెప్పక దైవాజ్ఞ కోసం వేచి ఉన్నారు. రెండుచోట్లా వచ్చిన తీర్పు ఆ కుటుంబాలతో ఆగిపోక తరువాతి తరాలన్నిటికీ చట్టమైంది.

ఈ పోలిక పండితుల గోష్ఠికి మాత్రమే పనికివచ్చేది కాదు. నల్లమల అంచున పెద్దదోర్నాల, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మెట్ట పొలాలలోనూ ఏటా ఎక్కడో ఒకచోట తండ్రి చనిపోతాడు, అన్నదమ్ములు పంపకానికి కూర్చుంటారు. ఆ పంపకంలో అక్కచెల్లెళ్ళ పేరు వస్తుందా రాదా అన్నది అక్కడ కూర్చున్నవారి మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల హక్కు ఎలా పుట్టిందో తెలుసుకోవడంతో పాటు, పుట్టిన హక్కు ఎలా కుంచించుకుపోతుందో కూడా తెలుసుకోవడం అవసరం. సెలోపెహాదు కుమార్తెల కథ ఈ రెంటినీ చూపుతుంది.

ఐదుగురు సోదరీమణుల అర్జీ

నేడు యూదుల చేతిలో ఉన్న తౌరాతు పాఠంలో ఈ వృత్తాంతం సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో ఉన్నది. సెలోపెహాదు అనే వ్యక్తి హజ్రత్ యూసుఫ్ (అ) కుమారుడైన మనష్షే వంశీయుడు. అతనికి కొడుకులు లేరు. ఐదుగురు కూతుళ్ళు: మహ్లా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఈ ఐదుగురి పేర్లూ గ్రంథంలో ఒకటికి రెండుసార్లు విడివిడిగా చెప్పబడ్డాయి. పురుషుల వంశావళులతో నిండిన ఆ గ్రంథంలో ఇది గమనింపదగిన విషయం.

వారు గుడారపు ద్వారం వద్ద మూసా (అ), యాజకుడు ఎలియాజరు, నాయకులు, సర్వ సమాజం ఎదుట నిలబడ్డారు. వారి వాదన చాలా పొందికగా ఉన్నది. తమ తండ్రి ఎడారిలో చనిపోయాడు. కోరహు తిరుగుబాటులో అతడు చేరలేదు (ఈ కోరహునే ముస్లింలు ఖారూన్ అంటారు). అందరికీ వచ్చే మరణమే అతనికీ వచ్చింది. కొడుకులు లేనంత మాత్రాన అతని పేరు వంశంలో నుంచి ఎందుకు చెరిగిపోవాలి? అందువల్ల తండ్రి సోదరులతో పాటు తమకూ భూమిలో భాగం ఇవ్వమని కోరారు.

మూసా (అ) ఈ వ్యాజ్యాన్ని దేవుని ముందుంచారు. ఆ ఆడపిల్లలు చెప్పినది న్యాయమేనని జవాబు వచ్చింది. దానితో పాటు ఒక సాధారణ నియమం కూడా వచ్చింది: మనిషి చనిపోతే ఆస్తి కొడుక్కి చెందుతుంది, కొడుకు లేకపోతే కూతురికి, కూతురూ లేకపోతే సోదరులకు, వారూ లేకపోతే తండ్రి సోదరులకు, ఆ తరువాత దగ్గరి బంధువుకు. ఈ వరుసలో భార్య లేదు, తల్లి లేదు. కొడుకు ఉన్నచోట కూతురికి భాగం లేదు. అయినప్పటికీ, ఆస్తి పురుషుల నుంచి పురుషులకే పోయే గోత్ర వ్యవస్థలో, బాబాయిల కంటె కూతురు ముందు అని నిర్ణయించడం చిన్న మార్పు కాదు.

అయితే కథ అక్కడ ముగియలేదు. అదే గ్రంథం 36వ అధ్యాయంలో మనష్షే గోత్రపు పెద్దలు మూసా (అ) వద్దకు వచ్చారు. ఈ పిల్లలు వేరే గోత్రంవారిని పెళ్ళాడితే తమ గోత్రపు భూమి ఆ గోత్రానికి పోతుందన్నది వారి అభ్యంతరం. దానిపై ఆ ఐదుగురూ తమ గోత్రంలోనే వివాహం చేసుకోవాలని ఆదేశం వచ్చింది. వారు తమ తండ్రి సోదరుల కుమారులను వివాహమాడారు. భూమి వారిదే అయింది; వరుని ఎంపికకు మాత్రం హద్దు ఏర్పడింది.

మూడవ ఘట్టం యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో ఉన్నది. మూసా (అ) పరమపదించిన తరువాత, యూషా బిన్ నూన్ నాయకత్వంలో భూమి పంపకం జరిగే వేళ ఆ సోదరీమణులు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. తమకు వాటా ఇవ్వాలని దేవుడు మూసాకు ఆజ్ఞాపించిన సంగతిని గుర్తు చేశారు. అప్పుడే భూమి వారి చేతికి వచ్చింది. తీర్పు వెలువడిన తరువాత కూడా రెండవసారి అడగవలసి వచ్చిందన్న ఈ చిన్న వివరం ఎంతో చెప్పుతున్నది.

పురావస్తు శాస్త్రం కూడా ఈ విషయంలో ఒక సాక్ష్యాన్ని చేర్చింది. 1910లో పాలస్తీనాలోని సమరియ త్రవ్వకాలలో సిరాతో వ్రాసిన కుండపెంకులు దొరికాయి. అవి క్రీ.పూ. 8వ శతాబ్దానివి, నూనె, ద్రాక్షారసం రాజధానికి ఏ ఏ ప్రాంతాల నుంచి వచ్చినవో తెలిపే లెక్కలు. ఆ ప్రాంతాల పేర్లలో నోయా, హొగ్లా అన్న రెండు పేర్లున్నాయి. తిర్సా అన్నది కొంతకాలం ఉత్తర ఇస్రాయీలు రాజ్యానికి రాజధానిగా ఉన్న పట్టణం పేరు. కథకూ ఈ స్థలనామాలకూ గల సంబంధం గురించి పండితులు పలువిధాల వాదిస్తారు. ఆడపిల్లల పేర్లు భూమికి పెట్టబడి శతాబ్దాలు నిలిచాయన్నది మాత్రం స్పష్టం.

రబ్బీల ధర్మశాస్త్రంలో

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నా యూదుల మౌఖిక ధర్మశాస్త్రానికి తొలి గ్రంథం. అందులోని 'బావా బత్రా' భాగం వారసత్వ నియమాలను వివరిస్తుంది. కొడుకు కూతురికంటె ముందు అన్నది అక్కడా మూలసూత్రమే. భర్త భార్యకు వారసుడు. భార్య భర్తకు వారసురాలు కాదు. అయితే రబ్బీలు స్త్రీలను పూర్తిగా చేతులు ఖాళీగా వదలలేదు. వివాహ పత్రమైన 'కెతుబా' ప్రకారం వితంతువుకు నిర్ణీతమైన సొమ్ము రావాలి. కన్యగా పెళ్ళయిన స్త్రీకి అది కనీసం 200 జూజులు. పెళ్ళికాని కూతుళ్ళ పోషణ తండ్రి ఆస్తి మీద భారం. ఆస్తి తక్కువైతే ముందుగా కూతుళ్ళ పోషణ జరగాలని, కొడుకులు బిచ్చమెత్తుకొనైనా బ్రతకాలని మిష్నా నిర్దేశిస్తున్నది. తాను మగవాడైనందుకు నష్టపోవాలా అని అద్మోన్ అనే న్యాయవేత్త దీనిని ప్రశ్నించిన సంగతి కూడా అక్కడే నమోదై ఉన్నది.

కూతురి హక్కుపై ఆనాడే గట్టి వివాదం నడిచింది. తండ్రి కంటె ముందే కొడుకు చనిపోయి, ఆ కొడుక్కి ఒక కూతురుంటే, మనుమరాలితో పాటు సొంత కూతురికి కూడా భాగం ఉండాలని సద్దూకయ్యుల వర్గం వాదించింది. రబ్బీలు దానిని త్రోసిపుచ్చారు. గోత్రంలోనే వివాహం చేసుకోవాలన్న నిబంధనను మాత్రం వారు ఆ ఒక్క తరానికే పరిమితం చేసి, తరువాతి స్త్రీలను దాని నుంచి విడిపించారు. సెలోపెహాదు కుమార్తెలను తల్మూదు వివేకవతులని, ధర్మసూక్ష్మం తెలిసినవారని, పుణ్యవతులని ప్రశంసించింది. మనుషుల కరుణ మగవారి వైపే మొగ్గుతుందని, సృష్టికర్త కరుణ అందరిపైనా సమానమని నమ్మి వారు ముందుకు వచ్చారని ఒక ప్రాచీన వ్యాఖ్యానం చెప్పుతున్నది.

మధ్యయుగాలలో యూరపు యూదులు మరొక ఉపాయం కనుగొన్నారు. కూతురి పెళ్ళినాడు తండ్రి ఒక పెద్ద మొత్తానికి అప్పుపత్రం వ్రాసి ఇచ్చేవాడు. అతని మరణానంతరం కొడుకులు ఆ అప్పయినా తీర్చాలి, లేదా ఒక కొడుకు వాటాలో సగమైనా సోదరికి ఇవ్వాలి. దీనికి 'షతార్ హత్సీ జకార్', అనగా సగం మగవాటా పత్రం అని పేరు. 16వ శతాబ్దపు పోలండు ధర్మవేత్త మోషే ఇస్సెర్లెస్ రచనల్లో ఇది అమలులో ఉన్న ఆచారంగా కనిపిస్తుంది. ఈ సగం అన్న పరిమాణం ముస్లిం పాఠకులకు పరిచితమైనదే. అంత మాత్రాన ఒకరి నుంచి మరొకరు తీసుకున్నారని తేల్చి చెప్పడం సరికాదు. ఇస్లామీయ దేశాలలో మాత్రం సంబంధం స్పష్టం. కైరోలోని పాత యూద ప్రార్థనాలయంలో భద్రపడిన 'గనీజా' పత్రాలను పరిశోధించిన గోయిటైన్ (1900-1985) వంటి పండితులు, యూద స్త్రీపురుషులు వారసత్వ వ్యవహారాలలో ఖాజీ న్యాయస్థానాలను కూడా ఆశ్రయించేవారని చూపారు. అన్నదమ్ములున్నా కూతురికి వాటా ఇచ్చే చట్టం అక్కడ అందుబాటులో ఉండటమే దానికి ఒక కారణం.

కబ్బాలా వ్యాఖ్యానం

ధర్మశాస్త్రం భూమిని కొలుస్తుండగా, యూద మార్మికులు అదే కథలో అంతరార్థాన్ని వెదికారు. వీరి విద్యకు 'కబ్బాలా' అని పేరు; స్వీకరించినది, పరంపరగా అందినది అని ఆ మాటకు అర్థం. ఈ సంప్రదాయపు ప్రధాన గ్రంథం 'జోహర్'. విశ్వాసులు దీనిని 2వ శతాబ్దపు రబ్బీ షిమోన్ బర్ యోహాయ్‌కు ఆపాదిస్తారు. గెర్షోం షోలెం (1897-1982) మొదలైన చరిత్రకారులు మాత్రం 13వ శతాబ్దం చివరిలో స్పెయిన్‌లోని కాస్టీల్ ప్రాంతంలో, ప్రధానంగా మోషే దె లియోన్ చేతిలో ఇది రూపొందినదని నిర్ణయించారు.

మూసా (అ) ఈ వ్యాజ్యంలో తామే తీర్పు ఎందుకు చెప్పలేదు? తల్మూదులో దీనికి ఒక సమాధానమున్నది. కష్టమైన వ్యాజ్యాలను తన వద్దకు తెమ్మని ఆయన అన్నందువల్ల ఆ ఒక్క నియమం ఆయనకు తెలియకుండా పోయిందట. జోహర్ మరొక దారి పట్టింది. హీబ్రూలో ఎడారికి 'మిద్బార్' అంటారు. మాటకు 'దిబ్బూర్' అంటారు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. తండ్రి 'ఎడారిలో' చనిపోయాడన్న మాటను జోహర్ 'మాట వల్ల' చనిపోయాడని చదివింది. సెలోపెహాదు మూసా (అ)ను గురించి అనకూడని మాట అన్నాడని, తమపై ఆయనకు కోపముండవచ్చునని కూతుళ్ళు శంకించారని, అది గ్రహించి మూసా (అ) తీర్పు పీఠం నుంచి తప్పుకొని వ్యాజ్యాన్ని దేవునికి అప్పగించారని ఈ వ్యాఖ్యానపు సారాంశం.

ప్రవక్తల విషయంలో ముస్లింల విశ్వాసానికి సొంత ప్రమాణాలున్నాయి. ఈ కథనాన్ని ప్రమాణంగా స్వీకరించవలసిన పని లేదు. కాని దీనిలోని న్యాయసూత్రాన్ని విస్మరించరాదు. వ్యాజ్యంలో ఏదో ఒక పక్షంతో సంబంధమున్నవాడు, కనీసం సంబంధమున్నట్లు ఎదుటివారికి అనుమానం కలిగించేవాడు, తీర్పు చెప్పే స్థానంలో కూర్చోకూడదు. మార్మిక గ్రంథమని పేరుపడిన రచన ఇక్కడ న్యాయవాది అడిగే ప్రశ్ననే అడిగింది.

16వ శతాబ్దంలో ఉస్మానియా సుల్తానుల పాలనలో ఉన్న పాలస్తీనాలోని సఫద్ పట్టణం కబ్బాలా విద్యకు కేంద్రమైంది. అక్కడి గురువు ఇస్సాకు లూరియా (1534-1572). ఆయన బోధలను శిష్యుడు హయీం వితాల్ (1542-1620) వ్రాసి పెట్టాడు. దైవగుణాలు పది మెట్లుగా వ్యక్తమవుతాయని కబ్బాలా భావన. వాటిలో 'హెసెద్' దయకు, 'గెవూరా' తీర్పుకూ కట్టుబాటుకూ గుర్తు. చివరిదైన 'మల్కూత్' అంటే రాజ్యం. దానిని స్త్రీ రూపంగా, భూమిగా, పైనుంచి దిగివచ్చే అనుగ్రహాన్ని స్వీకరించే పాత్రగా వర్ణిస్తారు. లూరియా సంప్రదాయం ఐదుగురు సోదరీమణులను ఐదు గెవూరా శక్తులతో పోల్చింది. సెలోపెహాదు పేరును 'త్సెల్' (నీడ), 'పహద్' (భయం) అని విడదీసి భయపు నీడ అని అర్థం చెప్పింది. కఠినమైన ఆ తీర్పు శక్తులు పవిత్ర భూమిలో తమ స్థానం పొందినప్పుడు మెత్తబడి మేలుగా మారుతాయని దాని ఆంతర్యం. తండ్రి అనే జ్ఞానం కూతురికి పునాది వేసిందన్న మరొక సూత్రం కూడా ఈ గ్రంథాలలో తరచుగా వినవస్తుంది.

ఈ వ్యాఖ్యానాలు గంభీరమైనవే. స్త్రీ వారసత్వం లేకుండా దైవరాజ్యానికి పూర్ణత్వం లేదన్నంత ఎత్తుకు ఆ కూతుళ్ళను ఇవి చేర్చాయి. అయితే చరిత్రకారుడు మరొక సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. ఆ శతాబ్దాలలో సఫద్‌లో గాని కాస్టీల్‌లో గాని అన్నదమ్ములున్న ఒక యూద బాలిక కబ్బాలా బలంతో తండ్రి పొలంలో వాటా పొందలేదు. ఆమెకు ఏదైనా దక్కితే అది కెతుబా వల్ల, తండ్రి బతికుండగా వ్రాసిన దానపత్రం వల్ల, సగం మగవాటా పత్రం వల్ల దక్కింది. ఆకాశంలో కూతురికి సింహాసనం వేసిన సమాజమే నేలమీద ఆమెకు చోటు చూపడానికి కాగితం కోసం వెదుక్కోవలసి వచ్చింది. ఈ మాట ఒక్క యూదులకే వర్తించేది కాదని ముందు చూడగలం. ఇస్రాయీలు దేశంలో 1965 వారసత్వ చట్టం కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటాలు నిర్ణయించింది.

మదీనాలో వచ్చిన అర్జీ

ఉహుద్ యుద్ధంలో అమరుడైన సఅద్ బిన్ రబీఅ (రజియల్లాహు అన్హు) మదీనా అన్సారులలో ప్రముఖుడు. ఆయన భార్య తన ఇద్దరు కూతుళ్ళతో మహాప్రవక్త (స) సన్నిధికి వచ్చిన ఉదంతాన్ని హజ్రత్ జాబిర్ (రజి) నివేదించగా తిర్మిజీ, అబూ దావూద్, ఇబ్ను మాజా గ్రంథాలు నమోదు చేశాయి. బాబాయి ఆస్తినంతా తీసుకున్నాడని, ఆస్తి లేకుండా పిల్లల పెళ్ళిళ్ళు జరగవని ఆమె గోడు. యుద్ధం చేయగలిగినవారికే ఆస్తి అన్నది అప్పటి అరబ్బుల ఆచారం. అల్లాహ్ ఈ విషయంలో నిర్ణయిస్తాడని మహాప్రవక్త (స) చెప్పారు. అటు తరువాత సూరా అన్నిసాలోని వారసత్వ వాక్యం అవతరించింది. ఆయన ఆ బాబాయిని పిలిపించి, ఇద్దరు కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదవ వంతు ఇచ్చి, మిగిలినది నీవు తీసుకొమ్మని ఆదేశించారు.

లెక్క వేస్తే ఆస్తిని 24 భాగాలు చేసినప్పుడు కూతుళ్ళకు 16, భార్యకు 3, సోదరునికి 5 వచ్చాయి. సంఖ్యాకాండం నియమం ప్రకారమైతే ఇదే కుటుంబంలో కూతుళ్ళకు 24 భాగాలూ వచ్చి ఉండేవి. భార్యకు వారసత్వం ఉండేది కాదు. కాబట్టి కొడుకులు లేని ఇంట తౌరాతు నియమం కూతురికి ఎక్కువే ఇచ్చిందని నిష్పక్షపాతంగా అంగీకరించాలి. తేడా కొడుకులున్న ఇంట కనిపిస్తుంది. అక్కడ తౌరాతు నియమంలో కూతురు వారసురాలు కాదు. ఖుర్‌ఆన్‌లో ఆమె కొడుకు పక్కనే, అతని వాటాలో సగానికి హక్కుదారు. తల్లి, భార్య కూడా నిర్ణీత వాటాదారులయ్యారు. ఎవరి దయాదాక్షిణ్యాలకూ వదలని వాటాలివి. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీలకు భాగమున్నదని అదే సూరా 7వ వాక్యం ముందే ప్రకటించింది.

తెలుగునాట తౌరాతు, తెలుగునాట చట్టం

తౌరాతును తమ ధర్మంగా భావించే ఒక చిన్న తెలుగు సమాజం కూడా ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలవారు తమను 'బెనె ఎఫ్రాయిం', అనగా ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు. వీరి ప్రార్థనాలయం 1991లో ఏర్పడింది. వీరి జీవితంపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకుల గ్రంథం 2013లో వెలువడింది. ఎఫ్రాయిము, మనష్షే ఇద్దరూ యూసుఫ్ (అ) కుమారులు. అందుచేత ఆ సమాజం చెప్పుకునే వంశక్రమంలో సెలోపెహాదు కుమార్తెలు దాయాదుల ఆడపడుచులవుతారు.

భారతదేశంలో యూదుల వారసత్వాన్ని నిర్ణయించేది తౌరాతు కాదు, 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన వ్యక్తి ఆస్తిలో భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా చెందుతుంది. హిందువులకు 1956లో వారసత్వ చట్టం వచ్చింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది.

ముస్లింల విషయంలో చరిత్ర కొంచెం వంకరగా నడిచింది. 1873 నాటి మద్రాసు సివిల్ న్యాయస్థానాల చట్టం ముస్లింల వారసత్వానికి ముస్లిం ధర్మశాస్త్రాన్నే వర్తింపజేసినా, చట్టబలం గల ఆచారానికి కూడా చోటిచ్చింది. స్త్రీల వాటాలను మింగే ఆచారాలను తొలగించడానికి 1937లో షరీఅత్ చట్టం వచ్చింది. కాని దానిలో వ్యవసాయ భూమికి మినహాయింపు ఉన్నది. గ్రామాలలో ఆస్తి అంటే భూమే. భూమిని వదిలివేసిన వారసత్వ చట్టం గ్రామీణ స్త్రీకి ఎంత మేలు చేయగలదో ఊహించవచ్చు. మద్రాసు రాష్ట్రం 1949లో 18వ నంబరు చట్టం ద్వారా ఈ మినహాయింపును తొలగించింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పుడు మద్రాసు రాష్ట్రపు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాయే 1972 నుంచి ప్రకాశం జిల్లా. ఆ విధంగా ఈ ప్రాంతపు ముస్లిం స్త్రీకి పొలంలో షరీఅత్ వాటా 1949 నుంచే చట్టం చేత కూడా స్థిరపడింది.

దోర్నాల పొలంలో లెక్క

మార్కాపురం నుంచి, ఆత్మకూరు నుంచి, శ్రీశైలం నుంచి వచ్చే దారులు కలిసేచోట పెద్దదోర్నాల ఉన్నది. చుట్టూ మెట్ట సేద్యం. వానను నమ్ముకొని కంది, పత్తి, మిరప వేస్తారు. ఇక్కడ ఒక రైతు భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని వదిలి చనిపోయాడని అనుకుందాం. అతని తల్లిదండ్రులు అంతకు ముందే గతించారు; అప్పులు, వసీయత్ లేవు. పొలం 10 ఎకరాలు. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 1 ఎకరా 25 సెంట్లు. మిగిలిన 8 ఎకరాల 75 సెంట్లను ఐదు భాగాలు చేస్తే ఒక్కొక్క కొడుక్కి 3 ఎకరాల 50 సెంట్లు, కూతురికి 1 ఎకరా 75 సెంట్లు. దీనికి పెద్ద విద్య అవసరం లేదు. నమాజు రకాతులు లెక్కపెట్టగలిగినవారు ఈ లెక్కా కట్టగలరు.

మరి ఆ 1 ఎకరా 75 సెంట్లు పాసుపుస్తకంలోకి ఎందుకు చేరదు? చెప్పే కారణాలు అందరికీ తెలిసినవే. పెళ్ళికి ఖర్చు పెట్టాం, జహేజ్ ఇచ్చాం అంటారు. కాని జహేజ్ వారసత్వ వాటా కాదు. తండ్రి బతికుండగా ఇచ్చిన కానుక ఆయన మరణంతో పుట్టే హక్కును తీర్చివేయదు. ఆమె తానే వద్దన్నదని మరికొందరంటారు. తన వాటా చేతికి వచ్చిన తరువాత ఎవరైనా సంతోషంగా ఇచ్చుకోవచ్చు. పంపకంలో కొంత తీసుకొని మిగిలినది వదులుకునే పద్ధతిని ఫిఖహ్ గ్రంథాలు 'తఖారుజ్' పేరుతో అనుమతించాయి కూడా. తండ్రి బతికుండగానే కూతురి చేత వాటా వద్దనిపించుకోవడం మాత్రం వేరు. పుట్టని హక్కును వదులుకోవడం చెల్లదన్నది షరీఅత్ నియమమే కాక దేశ చట్టం కూడా. అలా ప్రతిఫలం పుచ్చుకొని తరువాత వాటా అడిగినవారిని అడ్డుకోవచ్చునని సుప్రీం కోర్టు గులాం అబ్బాస్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ప్రతిఫలమేమీ లేకుండా కన్నీళ్ళ మధ్య పెట్టించుకున్న వేలిముద్రకు ఆ తీర్పును అండగా చూపలేరు.

అసలు కారణం వేరొకటి ఉన్నది. వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందని ఆడపడుచు భయం. పండుగకు పిలుపు రాదు, కష్టంలో అన్న వచ్చి నిలబడడు. ఈ భయంతోనే ఆమె రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెడుతుంది. హిందువుల ఇళ్ళలోనూ, క్రైస్తవుల ఇళ్ళలోనూ జరిగేది ఇదే. భయపు నీడ అని లూరియా పరంపర సెలోపెహాదు పేరుకు చెప్పిన అర్థం ఇటువంటి చోట్ల గుర్తుకు రాక మానదు.

ఇదిలా ఉండగా ఈ ప్రాంతపు భూమి విలువ మారుతున్నది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల క్రింద 18 కిలోమీటర్లకు పైగా త్రవ్విన వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలు దోర్నాల వైపుకే తెరుచుకున్నాయి. 2024 మార్చిలో వాటి ప్రారంభోత్సవం జరిగింది. కాలువ నీటిని ఆశించే పొలం ఒకనాటి మెట్ట చేను కాదు. భూసేకరణ జరిగినచోట పరిహారం సాధారణంగా రికార్డులో పేరున్నవారి చేతికే పోతుంది. తండ్రి చనిపోయినప్పుడు మర్యాద కోసం వదిలిన 1 ఎకరా 75 సెంట్లు తరువాతి తరానికి ఎంత నష్టమో అప్పుడు గాని అర్థం కాదు.

ముగింపు

తౌరాతు కథలో మూడు ఘట్టాలున్నాయని చూశాం. సోదరీమణులు అడిగారు, దైవతీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. గోత్రపు పెద్దలు వచ్చి ఆ తీర్పుకు హద్దు పెట్టించుకున్నారు. పంపకం వేళకు సోదరీమణులే మళ్ళీ వచ్చి తమ హక్కును గుర్తు చేయవలసి వచ్చింది. మదీనాలో ఇంత దూరం రాలేదు. మహాప్రవక్త (స) బాబాయిని స్వయంగా పిలిపించి, వాటాలు చెప్పి, ఇమ్మన్నారు. ఆ తల్లి రెండవసారి రావలసిన అవసరం లేకపోయింది. తీర్పు చెప్పడంతో పాటు దానిని చేతికందించే బాధ్యత కూడా న్యాయకర్తదేనని ఈ ఉదంతం నేర్పుతున్నది.

జోహర్ లేవదీసిన ప్రశ్న కూడా ఇక్కడికే తెచ్చుకోవచ్చు. లాభం పొందేవాడే పంపకం చేస్తే అది పంపకమవుతుందా? చావు ఇంట్లో పదవనాడో, నలభయ్యవనాడో అన్నదమ్ములు, వారి మామలు, ఊరి పెద్దలు కూర్చొని కాగితం వ్రాసేటప్పుడు అక్కచెల్లెళ్ళు సాధారణంగా వంటయింట్లో ఉంటారు. ఆ కాగితంలో ఎవరికి ఎంతన్నది తేల్చేవారికి దాని వల్ల లాభమున్నది. అందువల్ల ఆ లెక్కను ఆస్తితో సంబంధం లేని ఆలిము చేతనో, లెక్క తెలిసిన పరాయి వ్యక్తి చేతనో కట్టించి, ఆడపడుచుల ఎదుట చదివించి, ముందుగా వారి వాటా వారి పేర వ్రాయించడం అన్నదమ్ముల విధి. ఆ తరువాత తమ్ముడికి ఇచ్చుకుంటుందో, తన పిల్లలకు దాచుకుంటుందో ఆమె ఇష్టం.

మహ్లా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అడిగినది తండ్రి పేరు భూమి మీద నిలవాలని. నోయా, హొగ్లా పేర్లు శతాబ్దాల తరువాత కూడా పన్నుల లెక్కల్లో ఊళ్ళ పేర్లుగా ఉన్నాయి. దోర్నాల ఆడపడుచు పేరు కనీసం ఒక పాసుపుస్తకంలోనైనా ఉండాలని కోరడం అత్యాశ కాదు.